హేమంత వాతావరణ సూచన: బృహత్సంహితలోని గర్భలక్షణం, తెలుగు తీరపు ధనుర్మాసం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ధనుర్మాసం తెలుగునాట భక్తికి, పండుగకు పేరెన్నికగన్న నెల. డిసెంబరు 16 ప్రాంతంలో రవి ధనూరాశిలో ప్రవేశించినది మొదలు జనవరి 14, 15 తేదీలలో వచ్చే మకర సంక్రమణం దాకా ముంగిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు, ఆలయాలలో తిరుప్పావై పఠనం, ముక్కోటి ఏకాదశి, భోగిమంటలు వరుసగా సాగుతాయి. అయితే ఈ నెలకు మరొక ముఖం కూడా ఉంది. కృష్ణా గోదావరి మండలాలలో సార్వా వరి పనల మీదనో, కుప్పలలోనో, కళ్లంలోనో ఉండే రోజులు ఇవే. ఆ సమయంలో సముద్రం మీద నుంచి వచ్చే ఒక్క తుఫాను ఏడాది కష్టాన్ని నీటిపాలు చేయగలదు. పనల మీద తడిసిన ధాన్యం మొలకెత్తుతుంది. రేపటి ఆకాశం ఎలా ఉంటుందో నేడే తెలుసుకోవడం ఇక్కడ కేవలం కుతూహలం కాదు, బ్రతుకుతెరువు.

ఈ రోజులలోని ఆకాశాన్ని భారతీయ శాస్త్రవాఙ్మయం చాలా శ్రద్ధగా చూసింది. క్రీస్తుశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో 21వ అధ్యాయాన్ని పూర్తిగా మేఘగర్భాల లక్షణానికే కేటాయించాడు. మార్గశిర పుష్యాది మాసాలలోని మబ్బు, గాలి, మంచు, చలి రాబోయే వర్షర్తువును సూచిస్తాయన్నది ఆ అధ్యాయంలోని ప్రధాన ప్రతిపాదన. ఈ ప్రతిపాదన స్వరూపమేమిటి? అది తెలుగుదేశపు హేమంతానికి ఎంతవరకు వర్తిస్తుంది? తుఫాను, చలి విషయాలలో ఆధునిక సూచనాపద్ధతి దానికి ఏమి చేర్చింది? ఈ మూడు ప్రశ్నలను విచారించడం ప్రస్తుత పరిశీలన లక్ష్యం.

గర్భలక్షణ సిద్ధాంత స్వరూపం

వర్షాన్ని ప్రసవంగాను, దానికి పూర్వకారణమైన ఆకాశస్థితిని గర్భంగాను భావించడం ఈ సిద్ధాంతానికి మూలం. గర్భకాలం కార్తిక శుక్లపక్షం ముగిసినది మొదలు ఆరంభమవుతుందని కొందరి మతం. ఆ మతాన్ని పేర్కొని, అది పెక్కుమందికి సమ్మతం కాదని చెప్పి, వరాహమిహిరుడు గర్గాదుల మతాన్ని స్వీకరించాడు. దాని ప్రకారం మార్గశిర శుక్ల ప్రతిపత్తు మొదలుకొని, చంద్రుడు పూర్వాషాఢా నక్షత్రాన్ని చేరిన నాటినుంచి గర్భలక్షణాలను గమనించాలి. చంద్రుడు ఏ నక్షత్రంలో ఉండగా గర్భం ఏర్పడునో, 195 దినాలకు చంద్రుడు తిరిగి ఆ నక్షత్రంలోనే ఉండగా అది ప్రసవిస్తుంది. శుక్లపక్షంలో ఏర్పడినది కృష్ణపక్షంలోను, కృష్ణపక్షంలోనిది శుక్లపక్షంలోను, పగటిది రాత్రి, రాత్రిది పగలు ఫలిస్తాయి. మార్గశిరంలోను, పుష్య శుక్లంలోను ఏర్పడిన గర్భాలు మందఫలాలు. పుష్య కృష్ణపక్షానిది శ్రావణ శుక్లంలో, మాఘ శుక్లానిది శ్రావణ కృష్ణంలో, మాఘ కృష్ణానిది భాద్రపద శుక్లంలో ఫలిస్తాయి. ఈ క్రమం చైత్ర కృష్ణం దాకా సాగి కార్తిక శుక్లంలో ముగుస్తుంది.

ఇందులోని 195 దినాలు ఏ దినాలు అన్నది విచార్యం. చంద్రుడు నక్షత్రచక్రాన్ని ఒకమారు చుట్టి రావడానికి సుమారు 27.32 దినాలు పడుతుంది. ఏడు ప్రదక్షిణలకు సుమారు 191 దినాలు. 195ను సూర్యోదయం నుంచి సూర్యోదయానికి లెక్కించే సావన దినాలుగా తీసుకుంటే చంద్రుడు గర్భనక్షత్రాన్ని దాటి మూడు నాలుగు నక్షత్రాలు ముందుకు పోతాడు. తిథులుగా తీసుకుంటే 195 తిథులు సరిగ్గా పదమూడు పక్షాలు, అనగా ఆరున్నర చాంద్రమాసాలు. అవి సుమారు 192 సావన దినాలకు సమానం. అప్పుడు చంద్రుడు గర్భనక్షత్రానికి దరిదాపులలోనే ఉంటాడు. పదమూడు బేసిసంఖ్య కనుక శుక్లం కృష్ణంగా, కృష్ణం శుక్లంగా మారడం కూడా దానంతట అదే సిద్ధిస్తుంది. అందువల్ల గణితం దృష్ట్యా తిథిపక్షమే సమంజసంగా కానవస్తుంది.

ఈ లెక్కలో మరొక విశేషం గమనార్హం. పుష్య కృష్ణం నుంచి పదమూడు పక్షాలు లెక్కిస్తే శ్రావణ శుక్లం రావడం అమావాస్యతో నెల ముగిసే అమాంతగణనలోనే పొసగుతుంది. పూర్ణిమాంతంలో కృష్ణపక్షం ముందు వస్తుంది కనుక లెక్క ఆషాఢ శుక్లానికి చేరుతుంది. తెలుగువారి పంచాంగం అమాంతమే కాబట్టి ఈ పట్టికను మన మాసాలకు మార్పు లేకుండా అన్వయించుకోవచ్చు. అయితే మాసాలు కలిసినంత మాత్రాన ఆకాశాలు కలుస్తాయా అన్నది వేరే ప్రశ్న.

చలి, మంచు, గుడికట్టిన చంద్రుడు

గర్భపుష్టికి తోడ్పడే లక్షణాలను వరాహమిహిరుడు నెలవారీగా వివరించాడు. మార్గశిర పుష్యాలలో సంధ్యాకాలపు ఎరుపు, పరివేషంతో కూడిన మేఘాలు మంచివి. మార్గశిరంలో చలి మితిమీరరాదు. పుష్యంలో మంచు మితిమీరరాదు. మాఘంలో మాత్రం గాలి బలంగా వీచాలి. సూర్యచంద్రుల కాంతి మంచుతో మసకబారాలి. చలి అధికంగా ఉండాలి. ఫాల్గునంలో గాలి కరకుగా, ప్రచండంగా ఉండడం మేలు.

ఈ వివరణలో చలిని కేవలం బాధగా కాక, కొలవదగిన గుర్తుగా చూసిన దృష్టి ఉంది. అదే చలి ఒక నెలలో శుభం, మరొక నెలలో అశుభం. ఋతువులో దేనికి ఏది తగినదో నిర్ణయించి, దానికి భిన్నమైన దానిని వేరుగా గుర్తించడం ఇక్కడి పద్ధతి. నేటి వాతావరణశాస్త్రం ఒకనాటి ఉష్ణోగ్రతను ఆ తేదీ సగటుతో పోల్చి, ఎంత తగ్గినదో చెప్పే పద్ధతికి మూలంలోని ఆలోచన దీనికి దూరం కాదు.

హేమంతాన్ని చూసి వర్షాన్ని చెప్పే ప్రయత్నం బృహత్సంహితకే పరిమితం కాలేదు. కృషిపరాశరంలో పుష్యమాసపు ముప్ఫై దినాలను రెండున్నర దినాల చొప్పున పన్నెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలోని గాలిని బట్టి ఒక్కొక్క నెల వానను చెప్పే విధానం ఉంది. ఒక్కొక్క భాగంలో ఐదేసి ఘడియలు ఆ నెలలోని ఒక్కొక్క దినానికి ప్రతినిధి. ఐరోపా జానపదులలో సైతం క్రిస్మస్ మొదలు పన్నెండు రోజుల వాతావరణం రాబోయే పన్నెండు నెలలకు సూచిక అన్న నమ్మకం ఉంది. ఏడాదిలో కెల్లా పగలు తక్కువైన పండుగదినాలలో రాబోయే ఏడాదిని చదువుకోవాలన్న తపన ఒక్క జాతిది కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

పరిశీలకుని ధర్మం

గర్భలక్షణాధ్యాయం ఆరంభంలోనే వరాహమిహిరుడు ఒక నియమం విధించాడు. రేయింబవళ్లు మనసు లగ్నం చేసి గర్భలక్షణాలను గమనించే దైవజ్ఞుని మాట మునివాక్కు వలె వానల విషయంలో తప్పదని అతని అభిప్రాయం. ఈ మాటలోని బరువు ఫలితం మీద కంటే పరిశీలన మీదనే ఉంది. సాంవత్సర సూత్రమనే 2వ అధ్యాయంలో ఈ విషయం మరింత విశదమవుతుంది. నిమిత్తాలు క్షణంలో కనుమరుగవుతాయి. ఒక్కడే అహోరాత్రాలు వాటిని కనిపెట్టజాలడు. కాబట్టి శాస్త్రం తెలిసిన నలుగురిని నియమించి, ఒక్కొక్కరికి రెండేసి దిక్కులు అప్పగించాలని అక్కడ చెప్పబడింది. తూర్పు ఆగ్నేయాలు ఒకరివి. దక్షిణ నైరృతాలు మరొకరివి. పశ్చిమ వాయవ్యాలు ఇంకొకరివి. ఉత్తర ఈశాన్యాలు నాలుగవవానివి. ఒక పరిశీలనాకేంద్రానికి ఉండవలసిన వ్యవస్థ ఇక్కడ బీజరూపంలో గోచరిస్తుంది.

వాన కొలతకు కూడా ఇందులో ఏర్పాటు ఉంది. ప్రవర్షణమనే 23వ అధ్యాయంలో హస్తం వెడల్పు గల కుండంలో పడిన నీటిని కొలిచి, యాభై పలాలు ఒక ఆఢకంగా లెక్కించాలని నిర్దేశించబడింది. ఊహతో కాక పాత్రతో వానను నిర్ణయించడం శాస్త్రబుద్ధికి నిదర్శనం.

దేశభేద విచారం: అవంతి, ఆంధ్రతీరం

వరాహమిహిరుడు అవంతీదేశీయుడు. మార్గశిర పుష్యాలలో అవంతి ఆకాశం సాధారణంగా నిర్మలం. పడమటి నుంచి వచ్చే వాయుసంక్షోభాలు ఎప్పుడో ఒకమారు మబ్బును, చిరుజల్లును తెచ్చి, వెనుక చలిగాలిని విడిచి తూర్పుకు సాగిపోతాయి. అటువంటి చోట హేమంతంలోని మబ్బు అరుదైన సంఘటన. అరుదైన దానిని గుర్తుగా తీసుకోవడం సహజం.

ఆంధ్రతీరపు పరిస్థితి వేరు. ఈశాన్య ఋతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణకోస్తాకు వానలు తెస్తుంది. బంగాళాఖాతపు నీటి వేడిమి తుఫానుకు కావలసినంతగా, అనగా 26 డిగ్రీల సెల్సియస్‌కు పైగా, నవంబరు డిసెంబరులలో కూడా నిలిచి ఉంటుంది. కాబట్టి ఇక్కడి మార్గశిరపు మబ్బు ఆరు నెలల నాటి వానకు గర్భం కానక్కరలేదు. అది రేపటి తుఫానుకే ముందునడక కావచ్చు.

ఈ భేదం పరివేషం విషయంలో తేటతెల్లమవుతుంది. సూర్యచంద్రుల చుట్టూ ఏర్పడే వలయాన్ని తెలుగువారు వరదగుడి అంటారు. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే పలుచని మబ్బులోని మంచుస్ఫటికాల గుండా కాంతి వంగి ప్రసరించడం వల్ల ఈ గుడి కడుతుంది. అవంతిలో అటువంటి పలుచని మబ్బు పడమటి సంక్షోభానికి ముందు రావచ్చు. ఆంధ్రతీరాన అదే మబ్బు బంగాళాఖాతంలోని తుఫాను పైభాగం నుంచి వందల కిలోమీటర్ల దూరం వెలువడి రావచ్చు. లక్షణం ఒక్కటే, దేశాన్ని బట్టి అర్థం మారిపోయింది. చంద్రుని చుట్టూ గుడి కట్టినప్పుడు అవంతిలోని దైవజ్ఞుడు శ్రావణం కోసం రాసుకుంటాడు. ఆంధ్రతీరంలోని రైతు మాత్రం పనలు కట్టి కుప్ప వేసుకోవలసి ఉంటుంది.

గ్రంథంలోని మరొక నియమం కూడా దీనినే బలపరుస్తుంది. గర్భసమయంలో నిమిత్తం లేకుండా అతివృష్టి కలిగితే గర్భం నిలువదని, ద్రోణంలో ఎనిమిదవ వంతుకు మించి వాన పడితే అది స్రవించిపోతుందని వరాహమిహిరుడు చెప్పాడు. ద్రోణానికి నాలుగు ఆఢకాలు కనుక ఇది అర ఆఢకం మాత్రమే. ఈ హద్దును తీరానికి అన్వయిస్తే, డిసెంబరు తుఫాను వచ్చిన ప్రతి ఏడాది గర్భనాశం జరిగినట్లు, మరుసటి వర్షర్తువు మందగించవలసినట్లు ఒప్పుకోవలసి వస్తుంది. హేమంతపు వాన అపవాదమైన దేశంలో పుట్టిన హద్దు, హేమంతపు వాన సహజమైన దేశంలో ప్రమాణం కాజాలదు.

దేశభేదం ప్రాచీనులకు తెలియనిది కాదు. అర్థశాస్త్రం సీతాధ్యక్ష ప్రకరణంలో వర్షప్రమాణాలను దేశాలవారీగా విభజించింది. జాంగలభూములకు 16 ద్రోణాలు, అవంతికి 23 ద్రోణాలు అని చెప్పి, అశ్మకానికి వేరే ప్రమాణం ఇచ్చి, అపరాంతానికి మితి లేదన్నది. నేటి తెలంగాణలోని బోధన్ ప్రాంతాన్ని అశ్మకంతో ముడిపెట్టే చరిత్రకారులు ఉన్నారు. వాన కొలతకే దేశభేదం అవసరమైనప్పుడు, వాన సూచనకు అది మరింత అవసరమని వేరే చెప్పనక్కరలేదు.

సద్యోవర్షం నుంచి దూరవార్త దాకా

రేపటి వాతావరణం గురించి బృహత్సంహిత మౌనం వహించలేదు. సద్యోవర్షణాధ్యాయంలో వెంటనే రాబోయే వానకు గుర్తులు ఉన్నాయి. నీరు రుచి తప్పుతుంది. ఉప్పు చెమ్మగిల్లుతుంది. గాలి స్తంభిస్తుంది. చేపలు ఎగిరిపడతాయి. కప్పలు మాటిమాటికి బెకబెకలాడతాయి. చీమలు గుడ్లను మోసుకొని తరలిపోతాయి. వీథిలో పిల్లలు ఆటగా కట్టలు కట్టడం కూడా ఈ జాబితాలో చోటుచేసుకొంది. ఉప్పు చెమ్మగిల్లడం గాలిలోని తేమకు నేరైన గుర్తు. పల్లెలలో నేటికీ ఇటువంటి గుర్తులను గమనించేవారు కానవస్తారు.

ఈ గుర్తులన్నింటికీ ఒక సమాన పరిమితి ఉంది. అవి పరిశీలకుడు నిలిచిన చోటి గాలిని మాత్రమే చెబుతాయి. తుఫాను పుట్టేది అతని కంటికి అందని నడిసముద్రంలో. అది ఉప్పును తడిపేసరికి తీరానికి దగ్గరపడి ఉంటుంది. అప్పుడు కళ్లంలోని ధాన్యాన్ని తరలించడానికి గాని, సముద్రం మీది పడవను ఒడ్డుకు తేవడానికి గాని వ్యవధి చాలదు.

ఈ లోటు ఎంతటి అనర్థం తెచ్చినదీ మచిలీపట్నం చరిత్ర చెబుతుంది. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను ఉప్పెనలో అక్కడ సుమారు 30,000 మంది మరణించారు. అంతకు ముందు నెలలోనే, అక్టోబరు 5న, మరొక తుఫాను కలకత్తాను ముంచింది. ఈ రెండు విపత్తుల తరువాత 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరిక ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపించబడింది. అంతకు చాలాముందే, 1840లో, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాలను నెలకొల్పాడు. ఆయన తరువాత అంకితం వెంకట నరసింగరావు దానిని నిర్వహించాడు. ఆ వేధశాలలో ఖగోళపరిశీలనతో పాటు వాతావరణ పరిశీలన కూడా సాగింది. తెలుగుతీరాన పరికరాలతో ఆకాశాన్ని చూసిన తొలితరం ప్రయత్నాలలో అది ముఖ్యమైనది.

కొత్త పద్ధతి తెచ్చిన ప్రధానమైన మార్పు పరికరం ఒక్కటే కాదు, దూరవార్త కూడా. వరాహమిహిరుని నలుగురు పరిశీలకులు ఒక్కచోట నిలిచి ఎనిమిది దిక్కులు చూశారు. తంతి వచ్చిన తరువాత ఎనిమిది ఊళ్లలో నిలిచిన పరిశీలకుల వాయుపీడన మానాలు ఒక్క బల్ల మీదకు చేరాయి. ఎక్కడ పీడనం పడిపోతున్నదో చూస్తే తుఫాను ఎటు వస్తున్నదో తెలియవచ్చింది. ఆ తరువాత ఉపగ్రహాలు నడిసముద్రాన్నే కంటికి చూపాయి. మచిలీపట్నం, విశాఖపట్నాలలోని రాడార్లు తీరానికి దగ్గరపడిన తుఫానును కనిపెడతాయి. గాలి, వేడి, తేమల గతిని సమీకరణాలతో గణించే యంత్రాలు కొన్ని రోజుల ముందే మార్గాన్ని అంచనా వేస్తాయి.

నేడు హెచ్చరిక నాలుగు దశలలో వెలువడుతుంది. సుమారు 72 గంటల ముందు తొలి అప్రమత్తత, 48 గంటల ముందు తుఫాను సూచన, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన తరువాతి పరిస్థితి గురించిన అంచనా ఇస్తారు. గాలివేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తీవ్ర వాయుగుండం తుఫానుగా పరిగణించబడుతుంది. అయితే హెచ్చరిక వెలువడడం వేరు, అది చివరి గుడిసెకు చేరి మనుషులను కదిలించడం వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో 10,000 మందికి పైగా చనిపోయారు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానులో సుమారు 1,000 మంది ప్రాణాలు పోయాయి. తరువాతి కాలంలో సూచన, రవాణా, తుఫాను ఆశ్రయాలు, ముందస్తు తరలింపు కలిసిరావడం వల్ల ప్రాణనష్టం ఎంతో తగ్గింది. పంటనష్టం మాత్రం అంతగా తగ్గలేదు. మనిషిని ఒక్క పూటలో తరలించవచ్చు, పొలాన్ని తరలించలేము.

ఒక ధనుర్మాసపు తుఫాను

ఈ విషయాలకు 2018 డిసెంబరు నాటి పెథాయ్ తుఫాను మంచి ఉదాహరణ. అది డిసెంబరు 13న ఆగ్నేయ బంగాళాఖాతంలో వాయుగుండంగా ఏర్పడింది. 15న తుఫానుగా, 16న తీవ్ర తుఫానుగా బలపడింది. 17న బలహీనపడుతూ తూర్పుగోదావరి జిల్లాలోని కాట్రేనికోన సమీపంలో తీరం దాటింది. ఆనాటి తిథి మార్గశిర శుక్ల దశమి. మరునాడు ముక్కోటి ఏకాదశి. ధనుర్మాసం అప్పుడే ఆరంభమైంది.

తీరానికి ముందే అది బలహీనపడడానికి కారణం హేమంతంలోనే ఉంది. డిసెంబరులో బంగాళాఖాతపు ఉత్తరభాగం దక్షిణభాగం కంటే చల్లబడి ఉంటుంది. భూమి మీద నుంచి పొడిగాలి సముద్రం వైపు వీస్తుంది. పైస్థాయి గాలి, కింది స్థాయి గాలి వేరువేరు వేగాలతో సాగడం వల్ల తుఫాను నిలువుకట్టు చెదురుతుంది. అందుచేతనే ఈ ఋతువులో దక్షిణాన బలంగా పుట్టిన తుఫాను ఉత్తరానికి సాగేకొద్దీ తరచు క్షీణిస్తుంది. జనవరిలో ఆంధ్రతీరాన్ని తుఫాను తాకడం బహు అరుదు. సంక్రాంతి నాటికి తుఫాను భయం తగ్గి, చలి ఒక్కటే మిగలడానికి ఇదే హేతువు.

బలహీనపడినా అది తెచ్చిన వాన, గాలి తక్కువవి కావు. మబ్బు కమ్మి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోను పగటి వేడిమి బాగా పడిపోయింది. వాయుగుండం ఏర్పడిన నాటికి, తీరం దాటిన నాటికి మధ్య నాలుగు రోజుల వ్యవధి ఉంది. పనలు కట్టలు కట్టి కుప్ప వేయడానికి, కళ్లంలో ధాన్యం మీద బరకం కప్పడానికి, పడవలను ఒడ్డుకు చేర్చడానికి ఆ వ్యవధి చాలు. గర్భలక్షణ గణన ప్రకారమైతే ఆనాటి మేఘాల ఫలితం పదమూడు పక్షాల తరువాత, అనగా 2019 జూన్ 27 ప్రాంతంలో, జ్యేష్ఠ కృష్ణ దశమి నాడు విచారించవలసినది. ఆ గణన ఎంత చక్కనిదైనా కళ్లంలోని రైతుకు ఆనాడు కావలసిన సమాధానం అది కాదు.

చలి సూచన

చలి విషయంలో తెలుగు లోకోక్తులు ఒక చిన్న పంచాంగమే. సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి, మాఘంలో మాకులు వణికే చలి, శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోయే చలి అని జనవాక్యం. ఇది ఋతుసగటును చెప్పే జ్ఞానం. పగలు అతిస్వల్పమైన దినం డిసెంబరు 21, 22 తేదీలలో వచ్చినా భూమి చల్లబడడం ఆ తరువాత కూడా కొంతకాలం సాగుతుంది. సంక్రాంతి చలి మాటలో ఆ జాగు ఇమిడి ఉంది. అయితే ఈ ఏటి సంక్రాంతికి ఏ రోజు ఎంత చలి అన్నది లోకోక్తి చెప్పజాలదు.

హేమంతంలో చలి రెండు తెరగులు. మబ్బు సూర్యుని కప్పివేసి, తేమగాలి వీచినప్పుడు కలిగేది పగటి చలి. ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా, పొడిగా ఉన్నప్పుడు నేల తన వేడిమిని రాత్రంతా ఆకాశానికి విడవడం వల్ల కలిగేది రాత్రి చలి. మొదటిదానికి మబ్బు కారణం. రెండవదానికి మబ్బు లేకపోవడమే కారణం. కాబట్టి తుఫాను వెళ్లి ఆకాశం తేటపడి, ఉత్తరపు గాలి దిగినప్పుడు పగటి చలి పోయి రాత్రి చలి వస్తుంది. పండుగ దినాలలో తెల్లవారుజామున ముగ్గు వేసేవారికి, మందలను ఆరుబయట తోలే కాపరులకు ఈ రెండవది ఎక్కువ బాధాకరం.

సముద్రతీరాన నీరు వేడిమిని నిలుపుతుంది కనుక చలి మితం. లోపలి తెలంగాణ పీఠభూమిలోను, తూర్పుకనుమల ఎత్తులలోను అది తీవ్రం. హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. విశాఖ మన్యంలోని లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. ఆరుబయట నిలిచినవాడు కొర్రలా, అనగా కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఒక ఊరి శీతోష్ణస్థితి ఒక్క మాటలో ఇమిడిన అరుదైన ఉదాహరణ ఇది.

వాతావరణ శాఖ మైదానాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని, అంతకు దిగువకు గాని పడి, సగటు కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు తగ్గినప్పుడు చలిగాలుల ఉధృతిగా ప్రకటిస్తుంది. 6.4 డిగ్రీలను మించి తగ్గితే అది తీవ్రం. సగటుతో నిమిత్తం లేకుండా కనిష్ఠం 4 డిగ్రీలకు చేరితే ఉధృతిగాను, 2 డిగ్రీలకు చేరితే తీవ్రంగాను లెక్కిస్తారు. తీరప్రాంతాలకు, కొండలకు వేరే హద్దులున్నాయి. దేశభేదం ఇక్కడ నియమంలోనే చేరిపోయింది.

ప్రత్యక్షపరీక్ష

గర్భలక్షణం సత్యమా అసత్యమా అన్న ప్రశ్నకు సమాధానం వాదంలో లేదు, లెక్కలో ఉంది. న్యాయశాస్త్రంలోని అన్వయ వ్యతిరేకాలే ఇక్కడ ఉపకరణాలు. లక్షణం కనబడి వాన కురిసిన దినాలెన్ని? లక్షణం కనబడీ కురియని దినాలెన్ని? లక్షణం లేకయే కురిసిన దినాలెన్ని? లక్షణమూ లేక, వానా లేని దినాలెన్ని? ఈ నాలుగు గళ్లూ చాలా సంవత్సరాల పాటు, ఒక్కొక్క ఊరికి విడివిడిగా నింపితేనే సిద్ధాంతం నిలుస్తుందో లేదో తేలుతుంది. శ్రావణ భాద్రపదాలలో వాన ఎలాగూ తరచు కురుస్తుంది. కాబట్టి మొదటి గడిని మాత్రమే చూసేవానికి ఏ లక్షణమైనా ఫలించినట్లే తోస్తుంది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలువదు, కూలదు.

ఈ పరీక్షకు వరాహమిహిరుడే మార్గదర్శి. బృహత్సంహిత 3వ అధ్యాయంలో అతడు ఉత్తరాయణం ధనిష్ఠాదిలో మొదలవుతుందని పూర్వశాస్త్రాలు చెప్పినదానిని ప్రస్తావించి, ఒకప్పుడు అది నిజమై ఉండవచ్చునని, తన కాలంలో మకరాదిలో మొదలవుతున్నదని, ప్రత్యక్షపరీక్షతో ఈ భేదం వ్యక్తమవుతుందని స్పష్టం చేశాడు. పూర్వులను తూలనాడలేదు, వారి మాటనే పట్టుకొని వేలాడనూ లేదు. నేడు ఉత్తరాయణారంభం మకర సంక్రమణానికి ఇరవై రోజులకు పైగా ముందే జరుగుతున్నది. అతడు నేడు ఉండి ఉంటే ఈ భేదాన్ని తానే మొదట నమోదు చేసి ఉండేవాడు. ఆంధ్రతీరంలో నివసించి ఉంటే గర్భలక్షణాధ్యాయాన్ని కూడా మరొక విధంగా రచించి ఉండేవాడని ఊహించడం అసంగతం కాదు.

ఉపసంహారం

పై విచారణ వల్ల తేలిన అంశాలు ఇవి. గర్భలక్షణంలోని 195 దినాల లెక్క తిథులుగా గ్రహిస్తే పదమూడు పక్షాలుగా పరస్పరం పొసగుతుంది. ఆ అధ్యాయంలోని లక్షణాలు హేమంతపు వాన అరుదైన దేశానికి తగినవి. డిసెంబరు తుఫానులు సహజమైన ఆంధ్రతీరానికి అవి యథాతథంగా వర్తించవు. ఒకే పరివేషం ఒకచోట దూరపు వానకు, మరొకచోట దగ్గరి ఉపద్రవానికి గుర్తు కావచ్చు. నిరంతర పరిశీలన, కొలత, పలువురు పరిశీలకుల నియామకం అన్న మూడు నియమాలు మాత్రం కాలదేశాలకు అతీతమైనవి. ఆధునిక పద్ధతి వాటికి దూరవార్తను, ఫలితపరీక్షను చేర్చింది.

శాస్త్రం చదివే విద్యార్థి బృహత్సంహితను చేతబట్టి ధనుర్మాసపు ఆకాశాన్ని చూడడం మంచిదే. చంద్రునికి గుడి కట్టిన రాత్రి తిథిని, గాలి దిక్కును, మరునాటి వాతావరణాన్ని రాసి ఉంచడం ఇంకా మంచిది. ఆ రాత్రే తుఫాను హెచ్చరిక ఏమి చెబుతున్నదో విని, పొరుగు కళ్లంలోని రైతుకు చెప్పడం అన్నింటికంటె ముందు చేయవలసిన పని. ప్రత్యక్షపరీక్ష అన్న మాటకు వరాహమిహిరుడు ఉద్దేశించిన సార్థకత అప్పుడే సిద్ధిస్తుంది.